ఇచ్చే మందు వేరు, ఆపే మందు వేరు: రెండింటినీ ‘హార్మోన్ మాత్ర’ అనకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో ‘హార్మోన్ మాత్రలతో జాగ్రత్త’ అన్న వ్యాసం చదివాను. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ళు వాడే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ మాత్రల గురించి అందులో రాసినవి చాలావరకు సరైన విషయాలే. నా ఫిర్యాదు వాటి మీద కాదు. వ్యాసం పక్కన ఒక పెట్టె కట్టి ‘వాడుకలో ఉన్న హార్మోన్ మాత్రలు’ అని పేర్లు వేశారు. ఆ వరసలో నాలుగోది టామాక్సిఫెన్. పైన వ్యాసమేమో ఈ మాత్రలతో రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని చెబుతోంది. కింద పెట్టెలో రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే మందు పేరు ఉంది.

ఆ పేరు చూడగానే నా చేతులు చల్లబడ్డాయి. ఏడేళ్ళ కిందట ఇలాంటి కాగితం ముక్కే ఒకటి చదివి నేను ఆ మందు నాలుగు నెలలు మానేశాను.

27 ఏళ్ళుగా బడిలో తెలుగు చెబుతున్నాను. ఒక విభక్తి మారితే వాక్యం ఎటు తిరుగుతుందో రోజూ పిల్లలకు చెప్పేదాన్ని. అలాంటి నేను ‘హార్మోన్ మాత్ర’ అన్న రెండు మాటల దగ్గర మోసపోయాను. మాటల వల్ల జరిగిన నష్టం కాబట్టి మాటలతో పనిచేసే మీకే రాస్తున్నాను.

నాకు 46వ ఏట కుడి రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యేసరికి ఎనిమిది నెలలు పట్టింది. గడ్డను పరీక్షకు పంపినప్పుడు వచ్చిన రిపోర్టులో ‘ఈఆర్ పాజిటివ్’ అని ఉంది. చివరి రేడియేషన్ రోజున డాక్టరమ్మ ఒక చీటీ రాసిచ్చి, “ఇంక హార్మోన్ ట్రీట్‌మెంట్ మొదలుపెడుతున్నాం, ఐదేళ్ళు వాడాలి, రోజుకొకటి” అన్నారు. బయట నలభై మంది ఎదురుచూస్తున్నారు. నేను తలాడించి వచ్చేశాను. ఆవిడను తప్పుపట్టడం లేదు. నా ప్రాణం నిలబెట్టిన మనిషి ఆవిడ. కానీ ఆ మాట నా చెవిలో ఎలా పడిందో చెప్పాలి. కీమోతో ఒంట్లో హార్మోన్లు తగ్గిపోయి ఉంటాయి, వాటిని తిరిగి నింపడానికి ఈ మాత్ర ఇస్తున్నారు అనుకున్నాను. ఇనుము తక్కువైతే ఇనుము మాత్ర, కాల్షియం తక్కువైతే కాల్షియం మాత్ర. మరి హార్మోన్ మాత్ర అంటే? అందరికీ తోచే అర్థమే నాకూ తోచింది.

చిన్న తెల్లటి బిళ్ళ, 20 మిల్లీగ్రాములు. రెండో నెల నుంచి ఆవిర్లు మొదలయ్యాయి. తొమ్మిదో తరగతిలో బోర్డు మీద పద్యం రాస్తున్నాను. రెండో పాదం సగంలో ఉండగా ఛాతీ దగ్గర నిప్పు అంటుకున్నట్టయి మెడ మీదుగా చెవులదాకా పాకింది. చేతిలో సుద్దముక్క తడిసి జారిపోయింది. రాసిన అక్షరం తడి అరచేతి కిందపడి చెరిగిపోయింది. వెనక్కి తిరిగితే నలభై జతల కళ్ళు. “టీచర్, కూర్చోండి” అని ముందు బెంచీ అమ్మాయి కుర్చీ లాగింది. రెండు నిమిషాల్లో అంతా చల్లబడి, తడిసిన బట్టల్లో వణుకు మొదలైంది. రోజుకు ఆరేడుసార్లు అదే వరస. రాత్రి దిండు కవరు మార్చుకోవాల్సి వచ్చేది. బలానికిచ్చిన మాత్ర నన్నెందుకు ఇలా పిండేస్తోందో అర్థం కాలేదు. ఎవరూ ముందే చెప్పలేదు కాబట్టి ఇది మందు పడకపోవడమే అనుకున్నాను.

పద్నాలుగో నెలలో మా ఆడపడుచు ఒక పత్రిక ముక్క కత్తిరించి పట్టుకొచ్చింది. “వదినా, నువ్వు వేసుకునేది హార్మోన్ మాత్రేగా? చూడు, దాంతోనే రొమ్ము క్యాన్సర్ వస్తుందట” అంది. ఆమె నా మీద ప్రేమతోనే తెచ్చింది. ఆ రాత్రి మాత్రల షీటును బీరువాలో చీరల కింద పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు, మావారికి కూడా. పదిహేను రోజుల్లో ఆవిర్లు తగ్గుముఖం పట్టాయి, నిద్ర పట్టింది. సరైన పనే చేశానని గట్టిగా నమ్మాను.

నాలుగు నెలల తర్వాత చెకప్‌కి వెళ్తే అక్కడి నర్సు చీటీ చూసి, “కొత్త షీట్లు ఎప్పుడు తీసుకున్నారు టీచరమ్మా?” అని అడిగింది. తడబడ్డాను. నా కూతురి వయసు పిల్ల. కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, “అమ్మా, ఇది హార్మోన్ ఇచ్చే మందు కాదు. మీ ఒంట్లో ఉన్న హార్మోన్‌ని ఆ గడ్డ కణాల దగ్గరికి పోనివ్వకుండా ఆపే మందు” అంది.

ఒక్క వాక్యం. పద్దెనిమిది నెలలు నా చుట్టూ ఉన్నవాళ్ళెవరూ ఆ వాక్యం అనలేదు. నేనూ అడగలేదు. ముందు వెన్నులో చలి పుట్టింది, తర్వాత చాలా కోపం వచ్చింది. ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు.

ఆడపడుచు తెచ్చిన ముక్కలో ఉన్నది నిజమైన వార్తే. అమెరికాలో ‘విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్’ అనే పెద్ద అధ్యయనంలో నెలసరి ఆగిన 16,608 మంది స్త్రీలను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే మరో ఆడ హార్మోన్ కలిపిన మాత్రలు, రెండో గుంపుకు మందు లేని ఉత్త మాత్రలు ఇచ్చారు. మందు వాడిన గుంపులో రొమ్ము క్యాన్సర్లు ఎక్కువగా కనబడటంతో 2002లో దాన్ని మధ్యలోనే ఆపేశారు. అవి హార్మోన్‌ను బయటి నుంచి ఒంట్లోకి చేర్చే మాత్రలు. నేను మింగేది అదే హార్మోన్‌ను అడ్డుకునేది. నా మాత్ర ఎందుకు అవసరమో చెప్పే వార్తను చదివి నేను నా మాత్రే మానేశానన్నమాట.

ఆ తర్వాత వదల్లేదు. దొరికిందల్లా చదివాను, కనబడిన డాక్టరునల్లా అడిగాను. చదువుతుంటే మొదట నన్ను ఆపింది హార్మోన్ అన్న మాటే. 1905లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త తన ఉపన్యాసాల్లో ఈ మాటను వాడుకలోకి తెచ్చాడు. గ్రీకు క్రియ నుంచి తీసుకున్నాడు. పురికొల్పడం, కదిలించడం అని దానికి అర్థం. ఒక గ్రంథిలో పుట్టి నెత్తురులో కలిసి దూరాన ఉన్న మరో అవయవాన్ని పురికొల్పేది హార్మోన్. అంత చక్కటి అర్థం ఉన్న మాటను మనం ‘మాత్ర’ పక్కన పెట్టి, పురికొల్పేదానికీ పురికొల్పకుండా ఆపేదానికీ ఒకే పేరు చేసేశాం.

చిత్రమేమిటంటే ఆ మాట పుట్టకముందే ఈ వైద్యం పుట్టింది. జార్జ్ బీట్సన్ అనే స్కాట్లండు సర్జన్ పాలు పడటం గురించి పరిశోధించినవాడు. అండాశయాలకూ పాల గ్రంథులకూ ఏదో సంబంధం ఉందని పశువుల విషయంలో గమనించాడు. ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న ఒక స్త్రీకి 1895లో అండాశయాలు తీసేస్తే గడ్డలు కరగడం మొదలైంది. మరుసటి ఏడాది లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆ సంగతి రాశాడు. అండాశయాల నుంచి వెళ్ళేది ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు, దానికి పేరు కూడా లేదు. ఏదో వెళ్తోంది, అది ఆగితే గడ్డ తగ్గుతోంది అన్నంతవరకే తెలుసు. ఆ రోజుల్లో దాన్ని ఆపాలంటే పొట్ట కోయడం ఒక్కటే దారి. నేను రోజూ నీళ్ళతో మింగేది ఆ కోతకు బదులుగా వచ్చిన బిళ్ళ. అది తెలిశాక ఆ చిన్న తెల్ల బిళ్ళను నేను చూసే చూపే మారిపోయింది.

టామాక్సిఫెన్ పుట్టుక మరీ ఆశ్చర్యం. 1962లో ఇంగ్లండులో ఐసీఐ అనే రసాయనాల కంపెనీలో డోరా రిచర్డ్‌సన్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని తయారుచేసింది. గర్భం రాకుండా ఆపే మందు కోసం వెతుకుతున్నారప్పుడు. ఎలుకల్లో బాగా పనిచేసింది. ఆడవాళ్ళలో మాత్రం అండం విడుదలను ఇంకా పెంచింది. ఆ పనికి పనికిరాని ఆ మందును రొమ్ము క్యాన్సర్ మీద వాడి చూశారు. 1973లో బ్రిటన్‌లో, 1977లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది.

అది చేసే పని నేను మా ఇంట్లో పిల్లలకు ఇలా చెబుతాను. బస్సులో సీటు మీద ముందే కర్చీఫ్ వేసేస్తే తర్వాత వచ్చినవాళ్ళు కూర్చోలేరు కదా. రొమ్ము క్యాన్సర్లలో పదింటికి సుమారు ఏడింటిలో, కణం లోపల ఈస్ట్రోజెన్ కూర్చోవడానికి ఒక సీటు ఉంటుంది. దాన్నే రిసెప్టర్ అంటారు. నా రిపోర్టులో ‘ఈఆర్ పాజిటివ్’ అంటే ఆ సీటు ఉందని. ఈస్ట్రోజెన్ వచ్చి కూర్చుంటే కణం పెరగమన్న ఆజ్ఞ అందుకుంటుంది. టామాక్సిఫెన్ ముందే వెళ్ళి అక్కడ కర్చీఫ్ వేస్తుంది. ఒంట్లో ఈస్ట్రోజెన్ ఎక్కడికీ పోదు, తిరుగుతూనే ఉంటుంది, కూర్చోవడానికి చోటు మాత్రం దొరకదు. అందుకే ఒక్క రోజు వేసుకుని ఊరుకుంటే సరిపోదు. కర్చీఫ్ తీస్తే సీటు ఖాళీ అవుతుంది. నా నాలుగు నెలల్లో ఆ సీట్లు ఖాళీగానే ఉన్నాయి. ఆ ఆలోచన వస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఈ మందుకు ఇంకో గుణం ఉంది. రొమ్ములో అడ్డుగా నిలబడే ఇదే మందు గర్భాశయంలో, ఎముకల్లో ఈస్ట్రోజెన్‌లాగే ప్రవర్తిస్తుంది. అందుకే నెలసరి ఆగినవాళ్ళలో ఎముకలకు కొంత మేలు చేస్తుంది. అందుకే గర్భాశయపు లోపలి పొర క్యాన్సర్ ముప్పు కొద్దిగా పెంచుతుంది, ముఖ్యంగా నెలసరి ఆగినవాళ్ళలో. కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు కూడా ఉంది. నేనిది దాచడం లేదు, దాచకూడదు. నెలసరి ఆగాక మళ్ళీ నెత్తురు కనబడితే, ఒక పిక్క వాచి నొప్పి పెడితే, ఊపిరి అందకపోతే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. ఈ మూడూ నాకు నర్సు పిల్ల కాగితం వెనక రాసిచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ నా అద్దం మీద అతికించి ఉంది.

ఇవన్నీ ఉన్నా ఎందుకు వాడాలి? 2011లో ఐదేళ్ళ టామాక్సిఫెన్ మీద జరిగిన 20 పరీక్షల ఫలితాలు, 21,000 మందికి పైగా స్త్రీల వివరాలు ఒకచోట చేర్చి చూశారు. రిసెప్టర్ ఉన్న గడ్డలవాళ్ళలో, మొదటి 15 ఏళ్ళలో రొమ్ము క్యాన్సర్ వల్ల కలిగే మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయి. ఐదేళ్ళకు మందు ఆపేశాక కూడా ఆ మేలు ఏళ్ళ తరబడి నిలిచింది. ‘బలం మాత్ర’ అనుకుని, ఆవిర్లకు విసిగి, పత్రిక ముక్కకు భయపడి చీరల కింద దాచింది నేను ఇంత విలువైన మందును.

ఐదేళ్ళూ పూర్తయ్యాక, నెలసరి పూర్తిగా ఆగిందని తేల్చి, లెట్రోజోల్‌కు మార్చారు. అది 2.5 మిల్లీగ్రాముల మాత్ర. ఇది సీటు జోలికి పోదు, ఊటనే కట్టేస్తుంది. నెలసరి ఆగాక అండాశయాలు ఈస్ట్రోజెన్ చేయడం దాదాపు మానేస్తాయి. కానీ మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే కొన్ని హార్మోన్లను కొవ్వులో, కండరాల్లో ఉండే అరోమటేజ్ అనే ఎంజైమ్ ఈస్ట్రోజెన్‌గా మారుస్తూనే ఉంటుంది. లెట్రోజోల్, అనస్ట్రోజోల్, ఎగ్జిమెస్టేన్ ఆ ఎంజైమ్‌ను పనిచేయనివ్వవు. అండాశయాలు ఇంకా పనిచేస్తున్నవాళ్ళకు ఇది ఒక్కటే ఇస్తే చాలదు. అండాశయాలను కూడా ఆపాలి. అందుకే ఎవరి మాత్ర వాళ్ళదే. పక్కింటామె లెట్రోజోల్ వాడుతోందని మనం అడిగి మార్పించుకునేది కాదు.

ఇప్పుడు నాకు ఆవిర్లు తక్కువ, కీళ్ళ నొప్పులు ఎక్కువ. పొద్దున్న లేచాక పదిహేను నిమిషాలు వేళ్ళు ముడుచుకోవు. నీళ్ళ సీసా మూత తిప్పాలంటే రెండు అరచేతుల మధ్య పెట్టి ఒళ్ళంతా బిగబట్టాలి. సుద్దముక్క పట్టుకోవడం మొదటి పీరియడ్‌లో కష్టం, మూడో పీరియడ్‌కి మామూలు. మొదట ఇదీ భయపెట్టింది. ఇది మందు ప్రభావమని ముందే చెప్పారు కాబట్టి ఈసారి చీరల కింద దాచలేదు, వెళ్ళి చెప్పుకున్నాను. రోజూ ముప్పావుగంట నడవమన్నారు. నడిచిన నెలల్లో నొప్పులు తక్కువ, మానేసిన నెలల్లో ఎక్కువ. ఈ మందు ఎముకలను పలచన చేస్తుంది కాబట్టి సాంద్రత చూసే స్కాన్ తీశారు, కాల్షియం, విటమిన్ డి ఇచ్చారు.

ఆవిర్లకు కూడా మందులున్నాయి. కానీ డాక్టరుకు చెప్పకుండా తీసుకోకూడదు. దిగులుకు వాడే మందుల్లో పారోక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటివి, టామాక్సిఫెన్‌ను ఒంట్లో పనికొచ్చే రూపానికి మార్చే ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. అందుకే టామాక్సిఫెన్ వాడేవాళ్ళకు వీలైతే వేరే మందు రాస్తారు. పాపం, ఆవిర్లకనో నిద్రకనో ఎవరో రాసిచ్చిన మందును క్యాన్సర్ డాక్టరుకు చూపించని ఆడవాళ్ళను వెయిటింగ్ హాల్లో చాలామందిని చూశాను. చూసినప్పుడల్లా పక్కన కూర్చుని చెబుతూనే ఉన్నాను.

ఇది ఆడవాళ్ళ గొడవ మాత్రమే కాదు. మా అన్నయ్యకు 68వ ఏట ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చింది. మూడు నెలలకోసారి ‘హార్మోన్ ఇంజెక్షన్’ చేస్తున్నారు. మొదటి ఇంజెక్షన్‌కు ముందు ఫోన్ చేసి, “చెల్లాయ్, బలానికి హార్మోన్ ఎక్కిస్తారట, ఇంక నాకేం భయం లేదు” అన్నాడు. ఆ గొంతులో ధైర్యం విని నాకు నోట మాట రాలేదు. ఆ ఇంజెక్షన్ లూప్రోలైడ్. మగ హార్మోన్‌ను దాదాపు అడుగంటించడానికి ఇచ్చేది.

అది పనిచేసే తీరు వింటే నాకు అబ్బురం. మెదడు అడుగునుంచి విడతలు విడతలుగా వచ్చే ఒక చిన్న సంకేతం, మెదడు కిందనే ఉండే పిట్యూటరీ గ్రంథి ద్వారా వృషణాలకు టెస్టోస్టిరోన్ చేయమని కబురు పంపుతుంది. లూప్రోలైడ్ ఆ సంకేతానికి నకలు. కానీ విడతలుగా రాదు, ఆగకుండా తలుపు కొడుతూనే ఉంటుంది. మొదటి వారం పది రోజులు లోపలివాళ్ళు ఉలిక్కిపడి మరింత పనిచేస్తారు. ఆ తర్వాత పలకడమే మానేస్తారు. ఆ మొదటి రోజుల్లో హార్మోన్ పెరిగి, క్యాన్సర్ ఎముకలకు పాకినవాళ్ళకు నొప్పి ఎక్కువవ్వచ్చు, వెన్నుపాము మీద ఒత్తిడి కూడా పడవచ్చు. అందుకే బైకాలుటమైడ్ అనే మాత్రను ముందుగానో తోడుగానో కొన్ని వారాలు ఇస్తారు. అది ప్రొస్టేట్ కణాల్లో కర్చీఫ్ వేసే మందు. డెగరెలిక్స్ లాంటివి మొదటి నుంచే తలుపుకు అడ్డుపడతాయి, వాటితో ఈ పొంగు ఉండదు. ఆ సంకేతంతో సహా మెదడు హార్మోన్ల మీద చేసిన పరిశోధనకే ఆండ్రూ షాలీ, రోజర్ గీమాలకు 1977 నోబెల్ వచ్చింది. ప్రొస్టేట్ క్యాన్సర్ మగ హార్మోన్ మీద ఆధారపడుతుందని 1941లో చూపిన చార్లెస్ హగ్గిన్స్‌కు 1966లోనే వచ్చింది.

అన్నయ్యకు ఇవేవీ ఎవరూ చెప్పలేదు. ఆర్నెల్లకు నడుము చుట్టూ కొవ్వు పట్టింది, కండ కరిగింది, ఆవిర్లు పట్టుకున్నాయి, ఛాతీ నొప్పిగా ఉబ్బింది, దాంపత్యం మీద కోరిక పోయింది. మా నాన్న తర్వాత మా ఇంట్లో అంత గంభీరంగా ఉండే మనిషి వాడే. వదినతో కూడా చెప్పుకోలేక, తనకు మతి చలిస్తోందేమోనని అనుకున్నాడట. ఒక సాయంత్రం ఇద్దరం ఉన్నప్పుడు వాడు మాట్లాడుతూనే ఆగి, మొహం ఎర్రబడి, చొక్కా పై గుండీలు విప్పుకున్నాడు. నేను లేచి విసనకర్ర తెచ్చి ఇచ్చి, “నాకూ ఇలాగే వచ్చేది అన్నయ్యా” అన్నాను. వాడు నా వైపు చాలాసేపు చూశాడు. తర్వాత అన్నీ చెప్పాడు. మందు చేసే పనే ఇది, నీ తప్పు కాదు, నీ మగతనం మీద తీర్పు కాదు అని ఆ రోజు చెల్లెలు చెప్పాల్సి వచ్చింది. మొదటి ఇంజెక్షన్ నాడే ఎవరో చెప్పి ఉండాల్సింది.

థైరాయిడ్ సంగతి కూడా ఒక్కటి చెప్పి ఆపుతాను. అన్నయ్య కూతురికి థైరాయిడ్ ఎక్కువ, కార్బిమజోల్ వాడుతుంది. ఆ గ్రంథి కొత్తగా హార్మోన్ చేయకుండా ఆపే మందు అది. అప్పటికే గ్రంథిలో నిల్వ ఉన్నది ఖర్చవ్వాలి కాబట్టి ఫలితం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. వాళ్ళ అత్తగారికి థైరాయిడ్ తక్కువ, ఆవిడ వాడేది థైరాక్సిన్, అంటే హార్మోనే. ఇంట్లో రెండింటికీ పేరు ఒకటే: ‘థైరాయిడ్ మాత్ర’. ఒకసారి పిల్ల మాత్రలు అయిపోతే, “నా థైరాయిడ్ మాత్ర ఉందిగా అమ్మా, రేపటిదాకా ఇది వేసుకో” అని అత్తగారు చేతిలో పెట్టారు. అదృష్టం బాగుండి పిల్ల సీసా మీద పేరు చదివింది. గుండె దడతో ఇప్పటికే అల్లాడుతున్న పిల్లకు దడ పెంచే మాత్ర అది.

ఆ పిల్లకు కూడా ఒక ముఖ్యమైన మాట ఆలస్యంగానే తెలిసింది. కార్బిమజోల్ వాడేవాళ్ళలో చాలా అరుదుగా తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి, ఎక్కువగా మొదటి మూడు నెలల్లో. గొంతు నొప్పి, జ్వరం, నోట్లో పుళ్ళు వస్తే మామూలు జలుబు అని ఊరుకోకూడదు. మాత్ర ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళి రక్తపరీక్ష చేయించాలి. నా మాత్రను నేనుగా ఆపడం తప్పు, ఆ పిల్ల మాత్రను ఆ లక్షణాలు కనబడితే ఆపకపోవడం తప్పు. ‘హార్మోన్ మాత్రలు’ అని ఒకే మూట కడితే ఈ తేడా ఎక్కడ పడుతుంది?

నేను అడిగేది చాలా చిన్నది. పత్రికలో రాసేటప్పుడు ‘హార్మోన్ ఇచ్చే మందు’, ‘హార్మోన్‌ను ఆపే మందు’ అని విడివిడిగా రాయండి. ‘హార్మోన్ నిరోధకాలు’ అన్నా తప్పు లేదు, అర్థం తెలుస్తుంది. కానీ మా ఆడపడుచులాంటివాళ్ళు తడుముకోకుండా చదివేది ‘ఆపే మందు’ అన్న మాటనే. డాక్టర్లకూ అదే మనవి. రద్దీ ఎంత ఉన్నా, చీటీ ఇచ్చేటప్పుడు ఒక్క వాక్యం చెప్పండి: ఏ హార్మోన్‌ను ఆపుతోంది, ఎన్నేళ్ళు, ఏం ఇబ్బంది పెడుతుంది, ఏది కనబడితే పరుగెత్తుకు రావాలి. మందుల షాపులో చీటీ చదివి ఇచ్చే కుర్రవాళ్ళు కూడా కవరు మీద ‘రోజుకు ఒకటి’ అని రాసే చోట ఇంకో ముక్క రాయొచ్చు.

పోయిన ఆదివారం పెట్టె చదివి ఈపాటికి ఎవరైనా తమ షీటును ఎక్కడో దాచేసి ఉండొచ్చు. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. కానీ ఆమె నాలుగు నెలలు ఆగకూడదు. కాబట్టి వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే చోట, అదే సైజు అక్షరాల్లో ఈ కింది సవరణ వేయమని కోరుతున్నాను. మీకు శ్రమ లేకుండా నేనే రాసి పంపుతున్నాను:

“గత వారం పెట్టెలో టామాక్సిఫెన్‌ను పొరపాటున హార్మోన్ మాత్రగా పేర్కొన్నాం. అది హార్మోన్‌ను ఇచ్చే మందు కాదు, రొమ్ము కణాల దగ్గర ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే మందు. వాడుతున్నవారు ఆ వ్యాసం చదివి ఆపి ఉంటే, ఈరోజే తమ డాక్టరుతో మాట్లాడండి.”

పేరు ప్రచురించవద్దని మనవి. మా బడి పిల్లలు మీ పత్రిక చదువుతారు, నా ఆరోగ్యం సంగతి వాళ్ళకు నేనే నెమ్మదిగా చెప్పుకుంటాను.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయిని